రీస్టార్ట్ కొట్టేముందు రెండు నిమిషాలు

అర్ధరాత్రి లైనక్స్ సర్వర్ డౌన్ అని ఫోన్ వస్తే చెయ్యి ముందు రీస్టార్ట్ మీదికే పోతుంది. పోనివ్వకండి. సర్వీసు లేవచ్చు, కానీ ఆ క్షణాన ఏ ప్రాసెస్ ఏ పోర్ట్ పట్టుకుని కూర్చుందో చెప్పే ఆధారం పోతుంది. కారణం అలాగే ఉంటుంది, రేపు మళ్లీ ఫోన్ మోగుతుంది. ముట్టుకునేముందు చూడటం నేర్చుకుంటే సగం కంగారు పోతుంది.

గొడవ ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌లో అనుకుందాం. మొదట సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఎన్‌జిన్‌ఎక్స్ కొట్టండి. పచ్చ చుక్క చూసి తృప్తి పడొద్దు. కింద యాక్టివ్ లైన్‌లో ఉన్న టైము చదవండి. ఎవరూ ముట్టుకోని సర్వీసు రెండు నిమిషాల క్రితమే మొదలైందని చూపిస్తుంటే, అది పడి తనంతట తానే లేచి ఉండొచ్చు. ఎందుకు పడిందో జర్నల్‌సీటీఎల్ హైఫన్ యు ఎన్‌జిన్‌ఎక్స్‌లో వెతకండి. 2014లో రెడ్ హ్యాట్ 7, 2015లో డెబియన్ 8 సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి మారాయి కాబట్టి, ఈ రెండు కమాండ్లు చాలా ఉద్యోగాల్లో పనికొస్తాయి.

ఇక ఎక్కువ గొడవలు జరిగే చోటు నెట్‌వర్క్. "నా మెషీన్‌లో పనిచేస్తోంది" అని డెవలపర్, "ఫైర్‌వాల్ తెరిచే ఉంది" అని నెట్‌వర్క్ టీమ్. ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. సూడో ఎస్ఎస్ హైఫన్ ఎల్‌టీఎన్‌పీ కొట్టి అడ్రస్ చూడండి. 127.0.0.1:8080 అని ఉంటే ఆ అప్లికేషన్ లోపల గొళ్లెం పెట్టుకుని కూర్చున్నట్టే, బయటివాళ్లు ఎంత పిలిచినా వినదు. 0.0.0.0 అని ఉంటే మెషీన్‌కున్న అన్ని ఐపీవీ4 అడ్రస్‌ల మీదా వింటుంది. అలాగని వెంటనే మార్చేయకండి. ముందు ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీగా ఉంటే, వెనక అప్లికేషన్ లోపలే ఉండటం మంచిది.

పింగ్ ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పొద్దు. చాలాచోట్ల దాన్ని ఫైర్‌వాల్‌లో ఆపేస్తారు. ఎన్‌సీ హైఫన్ జెడ్‌వీ తర్వాత హోస్ట్ పేరు, పోర్ట్ నంబరు ఇచ్చి తట్టి చూడండి. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వెంటనే వస్తే, సాధారణంగా మెషీన్ దాకా చేరారు, ఆ పోర్ట్‌లో వినేవాళ్లు లేరని అర్థం. చాలాసేపు ఆగి టైమ్ అవుట్ అయితే దారిలో ప్యాకెట్లు ఎక్కడో రాలిపోతున్నాయని అనుమానించండి. ఈ తేడా తెలిసినవాళ్లు ఏ టీమ్‌ని నిద్ర లేపాలో తప్పు చేయరు.

కాన్ఫిగ్ మార్చారా? ఎన్‌జిన్‌ఎక్స్ హైఫన్ టీతో సరిచూసి, రీస్టార్ట్‌కి బదులు రీలోడ్ చేయండి. నడుస్తున్న కనెక్షన్లు తెగవు. కొత్త సర్వీసుకి స్టార్ట్ ఒక్కటే చాలదు, ఎనేబుల్ కూడా చేయాలి. లేకపోతే ప్యాచింగ్ తర్వాత మెషీన్ లేస్తుంది, సర్వీసు లేవదు.

పని ముగిశాక లాగ్‌లో దొరికిన ఎర్రర్ లైన్‌నీ, దాని టైమునీ ఉన్నదున్నట్టు టికెట్‌లో అతికించండి. పొద్దున షిఫ్ట్‌లో వచ్చేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు.