కదలని గంటలు ముందు రాసుకోండి

శనివారం రాత్రి ఫోన్లు మొదలవుతాయి. "రేపు కాకినాడ బీచ్‌కి వెళ్దామా?" అని రాజమండ్రి నుంచి బాబాయి అడుగుతాడు. "మేమూ వస్తాం" అంటుంది రావులపాలెం నుంచి పిన్ని. కార్లెన్ని, పులిహోర ఎవరు కలుపుతారు, దారిలో ఏ గుడికి వెళ్దాం అని పొద్దుపోయేదాకా ఇదే చర్చ. మర్నాడు అందరూ తెమిలి బయల్దేరేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. దారిలో ఒక గుడి, ఒక టీ కొట్టు దాటి ఇసుక మీద కాలు పెట్టేసరికి మిట్టమధ్యాహ్నం. చెప్పుల్లేకుండా నిలబడలేరు. పిల్లలు నీళ్ల వైపు లాగుతారు, పెద్దవాళ్లు నీడ వెతుక్కుంటారు, ఆడవాళ్లు క్యారేజీలు విప్పుతారు. సాయంత్రం చల్లబడే వేళకి "చీకటి పడితే ట్రాఫిక్, పదండి పదండి" అని మళ్లీ కార్లెక్కేస్తారు. సముద్రం దగ్గర హాయిగా ఉండే రెండు పూటలూ రోడ్డు మీదే గడిచిపోయాయి.

ఇంత ఉత్సాహం ఉండి కూడా రోజెందుకు చెడింది? వరస తప్పింది కాబట్టి. మన చేతిలో ఉన్నవాటితో ప్లాన్ మొదలుపెట్టాం. పులిహోర బదులు పెరుగన్నం పెట్టుకోవచ్చు, రెండు కార్ల బదులు ఒక వ్యాన్ మాట్లాడుకోవచ్చు. సూర్యుణ్ణి జరపలేం. పోటుని ఆపలేం. బోటు ఆఖరి ట్రిప్పు, తాతయ్య ఇన్సులిన్ వేసుకునే వేళ, మర్నాడు పిల్లల బడి మన కోసం జరగవు. కాగితం తీసుకుని ముందు ఇవి రాయండి. మిగిలిన ఖాళీల్లో మన కోరికలు సర్దండి. పెళ్లి పనులకైనా పరీక్షల చదువుకైనా ఇదే వరస. అయితే బీచ్‌లో ఒక రోజు వేసుకుంటే ఇది తొందరగా ఒంటబడుతుంది. తప్పు చేస్తే ఫలితం ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది.

మొదటి కదలని గంట ఎండది. భారత ప్రామాణిక కాలాన్ని లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకి బాగా దగ్గరగా పోతుంది. గడియారం పన్నెండు కొట్టే వేళకి ఇక్కడ సూర్యుడు కూడా దాదాపు నడినెత్తి మీదే ఉంటాడు. అందుకని పది నుంచి మూడు దాకా ఇసుక మీద ఏమీ పెట్టుకోకండి, చలికాలమైనా సరే. మనకి సముద్రం తూర్పున ఉంది. పొద్దున్న ఎండ నీళ్ల మీంచి నేరుగా మొహానికి కొడుతుంది. సాయంత్రం సూర్యుడు వెనక వైపుకి వెళ్లిపోతాడు కాబట్టి నీళ్ల వైపు చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. జూన్‌లో ఐదున్నరకే తెల్లారుతుంది, జనవరి నడుమ ఆరున్నర అవుతుంది. నవంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు. వేసవి ప్లాన్‌ని కార్తీకంలో వాడితే ఒక గంట వెలుగు పోగొట్టుకున్నట్టే.

సూర్యోదయం చూడాలా, సాయంత్రం గడపాలా? రెండూ అనకండి. రాజమండ్రి నుంచి కాకినాడకి సుమారు 65 కిలోమీటర్లు. తెల్లారేసరికి తీరాన ఉండాలంటే నాలుగింటికి కారు కదలాలి. అంటే వంట చేసే మనిషి రెండింటికి లేవాలి. ఆ మనిషిని అడక్కుండా ఆ ప్లాన్ వెయ్యడం అన్యాయం. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంటికి సాయంత్రమే మేలని నా అభిప్రాయం. కుర్రాళ్ల బృందమైతే ముందురోజు రాత్రే కాకినాడ చేరి, తెల్లవారుజాము సముద్రాన్ని చూడాలి.

రెండో కదలని గంట పోటుది. ఇది మన తాతముత్తాతలకి మనకంటే బాగా తెలుసు. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేస్తూ సాగే సప్తసాగర యాత్రని గుర్తు చేసుకోండి. పుష్య బహుళ అమావాస్య నాడు, అంటే మనం చొల్లంగి అమావాస్య అని పిలుచుకునే రోజున, కాకినాడ పక్కనున్న చొల్లంగిలో అది మొదలవుతుంది. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో ముగుస్తుంది. డెల్టా అంచు పొడవునా ఎప్పుడు ఎక్కడ ఉండాలో తిథులతో ముడిపెట్టి వేసుకున్న ప్రయాణం అది. రోడ్లూ వంతెనలూ లేని రోజుల్లో, పడవల మీద, ముసలివాళ్లని వెంటబెట్టుకుని జనం దాన్ని పూర్తి చేశారు. పన్నెండు మంది బంధువులతో ఒక్క ఆదివారాన్ని సర్దుకోవడం మనకి కష్టమంటే నేనొప్పుకోను.

పంచాంగం చూడటం వచ్చిన ఇంట్లో పోటు పట్టిక సగం ఉన్నట్టే. అమావాస్య, పున్నమి ముందు వెనకల పోటు పెద్దది, ఆటు లోతైనది. అష్టమి, నవముల్లో రెండూ మెత్తగా ఉంటాయి. పోటుకీ ఆటుకీ మధ్య సుమారు ఆరుంపావు గంటలు. నేటి పోటు వేళ రేపటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కచ్చితమైన వేళలు, అలల ఎత్తు హెచ్చరికలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ప్రకటిస్తుంది. ఫోన్‌లో రెండు నిమిషాల పని. మీరు వెళ్లే చోటికి ఆటు కావాలో పోటు కావాలో కూడా తేల్చుకోవాలి. కోరింగ మడ అడవిలో చెక్కబాట మీద నడిచేవాళ్లకి ఆటు వేళ బాగుంటుంది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేళ్లు, పీతలు, బురద మీద గెంతే చేపలు అప్పుడే కనిపిస్తాయి. బోటు ఎక్కాలంటే కాలవలో నీళ్లుండాలి. రెండింటికీ ఒకే వేళ కుదరదు. ముందే ఫోన్ చేసి బోటు ఎప్పుడు తిరుగుతుందో అడగండి. బావురుపిల్లి కనిపిస్తుందని మాత్రం పిల్లలకి మాటివ్వకండి, అది రాత్రి తిరిగే జంతువు. ఆ అడవి దాని ఇల్లని, 1978లోనే ఆ అడవిని అభయారణ్యంగా ప్రకటించారని చెప్పండి, చాలు.

ఇప్పుడు మన కోరికలు. ఇక్కడ కోత పెట్టడం రావాలి. సూర్యారావుపేట బీచ్ పార్కు, వాకలపూడి లైట్‌హౌస్ ఒక చోట. ఉప్పాడ ఆ పైన ఉత్తరాన. కోరింగ కాకినాడకి అవతల, యానాం దారిలో. వాటికి తోడు సామర్లకోట భీమేశ్వరుడు, పిఠాపురం కుక్కుటేశ్వరుడు, ద్రాక్షారామం పిలుస్తూనే ఉంటారు. కార్తీక సోమవారం ఒక్కరోజులో పంచారామాలూ చుట్టి వచ్చే అలవాటున్నవాళ్లం కదా, బీచ్ రోజుని కూడా అలాగే కుక్కేస్తాం. యాత్రకి ఆ వేగం చెల్లుతుంది, ఎందుకంటే ప్రతి చోటా చేయవలసిన పని ఒకటే. సముద్రం దగ్గర పని ఉండదు, ఉండటమే పని. దానికి తీరిక కావాలి. రోజుకి రెండే చోట్లు పెట్టుకోండి. మూడోది ఎంత మంచిదైనా ఇంకో నెలకి వాయిదా వెయ్యండి.

ఆ రెండూ ఏవో తేల్చడానికి ఇంట్లో ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: "ఆ రోజు నీకు ఏ ఒక్కటి జరిగితే చాలు?" సమాధానాలు చూసి ఆశ్చర్యపోతారు. కుర్రాడికి అలల్లో గంటసేపు తడవాలి. ఆడపిల్లకి లైట్‌హౌస్ ఫోటో కావాలి. అత్తయ్యకి ఉప్పాడలో జమ్దానీ నేసే మగ్గం చూడాలని ఎన్నాళ్లుగానో ఉంది, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. మామ్మకి నీళ్లలో పాదాలు తడిస్తే చాలు, కానీ ఇసుకలో అంత దూరం నడవలేదు. కారు ఎంత దగ్గరగా ఆపొచ్చు, చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఏ ఇద్దరు ఉంటారు అన్నది అప్పుడు ప్లాన్‌లోకి వస్తుంది.

ఒక నవంబరు ఆదివారాన్ని ఇలా వేసి చూడండి. ఇంట్లో టిఫిన్ చేసి తొమ్మిదికి బయల్దేరడం. ఎండ ముదిరే వేళకి కోరింగలో మడచెట్ల నీడన నడక. ఒంటిగంటకి అక్కడో కాకినాడలోనో భోజనం, తాతయ్యకి కాసేపు నడుం వాల్చే వీలు. మూడున్నరకి బీచ్ పార్కు. ఐదున్నరకి సూర్యాస్తమయం, ఆరింటికి ఇసుక దులుపుకుని కారు. కాగితం మీద ఇంతకంటే ఏమీ ఉండకూడదు. మూడున్నర నుంచి ఐదున్నర దాకా ఉన్న రెండు గంటల్లో కూడా ఒక గంట ఖాళీగా వదిలెయ్యండి. ఏడుపెంకులాట ఆడతారో, పడుకుంటారో వాళ్లిష్టం. గాలిపటం తెచ్చుకుంటే ఒక జాగ్రత్త. మధ్యాహ్నం నుంచి గాలి సముద్రం మీంచి నేల వైపు వీస్తుంది. పటం రోడ్డు మీదికి, కరెంటు తీగల వైపు పోతుంది. తీగలు లేని చోటు చూసుకుని ఎగరెయ్యండి.

ఇక నీళ్ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి.

కార్తీక ఆదివారాల్లో వనభోజనాలకి వచ్చే జనంతో పేరుపాలెం తీరం నిండిపోతుంది. ఆ తీరంలోనూ, మన కోస్తా పొడవునా, పండగ పూట ఎన్నో ఇళ్లు పిల్లల్ని పోగొట్టుకున్నాయి. మునిగిపోయినవాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు. కారణం తెలుసుకుంటే భయపడక్కర్లేదు, జాగ్రత్తపడొచ్చు. అలలు ఒడ్డుకి తోసిన నీరంతా ఎక్కడో ఒకచోట వెనక్కి పోవాలి. అది సన్నని దారి చేసుకుని లోపలికి జోరుగా లాగుతుంది. ఆ దారిలో అలలు విరగవు, నురగ తక్కువ. చూడ్డానికి అదే ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివాళ్లు పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు. ఆ లాగుడులో చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకూడదు, అలసిపోతారు. వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి, ఈదగలిగితే ఒడ్డు వెంబడి పక్కకి ఈది ఆ దారి దాటాక ఒడ్డుకి రావాలి. ఈ మాటలు బయల్దేరే ముందు ఇంట్లో ఒకసారి, ఇసుక మీద మరోసారి చెప్పాలి.

హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటంతో కాకినాడ అఖాతంలో అలల జోరు తగ్గుతుంది. ఉప్పాడ వైపు వెళ్తే అదే సముద్రం తీరాన్ని కోసుకుంటూ వస్తోంది. కొన్ని కిలోమీటర్లలో ఇంత తేడా. నిన్న ఒకచోట దిగాం కాబట్టి ఇవాళ ఇంకోచోట దిగొచ్చు అనుకోకండి. ఆ ఊరి మత్స్యకారుణ్ణి అడగండి, "ఇక్కడ దిగొచ్చా బాబూ" అని. వద్దంటే వద్దంతే. నీళ్లలోకి దిగేవాళ్లు మోకాలి లోతు దాటకూడదని ముందే మాట తీసుకోండి. తడిసిన చీర కాళ్లకి చుట్టుకుని బరువెక్కుతుంది, చుడీదారో నైట్ ప్యాంటో మేలు. మందు తాగినవాణ్ణి నీళ్లలోకి వెళ్లనివ్వకండి. స్నేహితుడు నొచ్చుకున్నా ఫర్వాలేదు.

అన్నిటికంటే ముఖ్యం, కాపలా వంతులు. అరగంటకి ఒక పెద్దమనిషి ఒడ్డున నిలబడి నీళ్ల వైపే చూడాలి. ఫోన్ పక్కన పెట్టాలి, కబుర్లాడకూడదు, పిల్లల తలలు లెక్కపెడుతూ ఉండాలి. అందరం చూస్తున్నాం కదా అనుకున్న చోట నిజానికి ఎవరూ చూడరు. పేరు రాసి, వేళ రాసి ఇస్తే ఆ మనిషి చూస్తాడు. 112, 108 అందరి ఫోన్లలో ఉండాలి.

కార్తీకం తుపాన్ల కాలం కూడా. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపాను ఇంకా ఎన్నో ఇళ్లలో గుర్తుంది. కాకినాడ రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వస్తే ప్రయాణం మానుకోండి. డబ్బు కట్టాం, పులిహోర కలిపాం అని వెళ్లకండి. ఆ పులిహోరని రాజమండ్రి పుష్కరాల రేవులోనో మేడ మీదో కూర్చుని తినొచ్చు, వాతావరణం బాగుంటే. వానైతే హాల్లో చాప పరుచుకోండి. రెండో ప్లాన్ ముందే రాసి ఉంచితే పిల్లల మొహాలు అంతగా వాడిపోవు.

తిండి గురించి పెద్దగా చెప్పను, గోదావరి వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. నీళ్లు మాత్రం మీరనుకున్నదానికి రెట్టింపు తీసుకెళ్లండి. చెత్తకి రెండు పెద్ద సంచులు పెట్టుకుని, తెచ్చిన ప్లాస్టిక్ అంతా వెనక్కి తీసుకురండి. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరాలకే గుడ్లు పెట్టడానికి వస్తాయి.

ఒక మాట మనసులో మెదులుతూనే ఉంటుంది. ఇన్ని బీచ్ రోజుల్లో ఇంటి ఇల్లాలు సముద్రాన్ని ఎంతసేపు చూసింది? తెల్లవారకముందే లేచి వండింది, దారంతా చంటివాణ్ణి ఒళ్లో పెట్టుకుంది, అక్కడ వడ్డించింది, గిన్నెలు సర్దింది, తడిబట్టలు మార్పించింది. ఫోటోల్లో కూడా ఆమె సగం పక్కకి తిరిగే ఉంటుంది. ప్లాన్‌లో ఆమె పేరున ఒక గంట రాయండి. నాలుగు నుంచి ఐదు, అమ్మకి. ఆ గంటలో పిల్లలు నాన్న దగ్గర, క్యారేజీలు కొడుకు దగ్గర. ఎవరూ ఆమెను "అది ఎక్కడ పెట్టావ్?" అని అడగకూడదు. పూరీ కూర వండటం మానేసి భోజనం కాకినాడలో హోటల్లో చేస్తే ఆ గంట ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. ఆ ఖర్చు దండగ అనుకునే పెద్దలకి నచ్చజెప్పాల్సింది మగవాళ్లే.

వచ్చేసారి ఈ కాగితం తొమ్మిదో తరగతి పిల్లకో పిల్లాడికో ఇవ్వండి. పంచాంగంలో తిథి చూడటం, పోటు వేళ రాయడం, కోరింగకి ఫోన్ చేసి బోటు సంగతి కనుక్కోవడం, మామ్మ దగ్గర కూర్చుని ఆమె కోరిక అడిగి రాసుకోవడం వాళ్ల పని. మీరు పక్కనుంటే చాలు, చెరిపి దిద్దకండి. ఒకటి రెండు చోట్ల వేళలు తప్పుతాయి, తప్పనివ్వండి. నీళ్ల దగ్గర కాపలా వంతులు మాత్రం పెద్దవాళ్లే రాయాలి.