రేకు ఎవరిది? పేరు ఎవరిది?
చిప్ నమూనాల తగాదాలపై ఒక పరిచయం

ఆత్రేయపురం పూతరేకు రుచి తెలియని గోదావరి విద్యార్థి ఉండడు. బోర్లించిన కుండ లోపల మంట. కుండ మీద పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ వేసి లాగితే పొరలాంటి రేకు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మరి ఇంకో ఊళ్లో ఎవరైనా యంత్రంతో ఇలాంటి రేకులే తీస్తే ఈ గుర్తింపు ఆపుతుందా? ఆపదు. ‘ఆత్రేయపురం’ పేరు పెట్టి అమ్మితేనే అడ్డుపడుతుంది. రక్షణ పేరుకే గాని పద్ధతికి కాదు.

ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల విషయంలో ప్రశ్న మరో రకం. ఒక తయారీ పద్ధతికి రాసిన నమూనాని వేరే పద్ధతికి మారిస్తే తప్పా?

అమెరికాలో ఆల్టెరా కంపెనీ, కొన్నవాళ్లే ప్రోగ్రాం చేసుకునే చిప్‌లు అమ్మేది. దాని సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తే చివరికి బిట్‌స్ట్రీమ్ అనే ఫైలు వస్తుంది. క్లియర్ లాజిక్ అనే సంస్థ ఆ ఫైలును ఖాతాదార్ల దగ్గర తీసుకుని, అదే పని చేసే స్థిరమైన చిప్ చేసి ఇచ్చేది. 1999లో ఆల్టెరా దావా వేసింది. చిప్‌లో ట్రాన్సిస్టర్ల గుంపుల అమరికను కాపీ కొట్టారని, సాఫ్ట్‌వేర్‌ను తమ చిప్‌లకే వాడాలన్న ఒప్పందాన్ని ఖాతాదార్లచేత మీరించారని వాదన. జ్యూరీ రెండూ ఒప్పుకుంది. 2005లో అప్పీలు కోర్టు ఖాయం చేసింది. నష్టపరిహారం సుమారు 3 కోట్ల 60 లక్షల డాలర్లు.

గమనించండి, ఇక్కడ గెలిపించింది పేటెంటు కాదు. 1984 నాటి చిప్ రక్షణ చట్టం, ఒప్పందం. అంతకుముందు బ్రూక్‌ట్రీ, ఏఎండీల కేసులో మాత్రం పేటెంటు, అమరిక రెండూ కలిసి వచ్చాయి. 1992లో అప్పీలు కోర్టు బ్రూక్‌ట్రీ పక్షానే నిలిచింది.

మన దేశం సంగతి? మన పేటెంటు చట్టం చిప్ అమరికకు పేటెంటు ఇవ్వదు. దానికి 2000లో వేరే చట్టం చేశారు. రిజిస్టరు చేసిన అమరికకు 10 ఏళ్ల రక్షణ. బోధన, పరిశోధన, విశ్లేషణల కోసం కాపీ చేసి చూడటం నేరం కాదు. అలా నేర్చుకుని సొంతంగా కొత్త అమరిక గీసుకోవచ్చు కూడా. కొత్త ఆవిష్కరణ ఉంటే పేటెంటు 20 ఏళ్లు.

కాబట్టి ప్రాజెక్టు చేసే మిత్రులు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆవిష్కరణ ఎవరిది? అమరిక ఎవరిది? వాడిన సాఫ్ట్‌వేర్ లైసెన్సులో ఏం రాసుంది? మూడోదాన్నే మనలో చాలామంది చదవకుండా ‘సరే’ నొక్కేస్తాం. క్లియర్ లాజిక్ కథలో సగం తగాదా అక్కడే ఉంది.