రామకథ గోడ దగ్గర ఆగండి

చిరంజీవి తమ్ముడికి,

బ్యాంకాక్‌లో మీకు దొరికేది ఒక్క రోజేననీ, చూడాల్సినవి నువ్వు పద్నాలుగు రాసుకున్నావనీ మరదలు ఫోన్‌లో చెప్పింది. నా మాట విని పదకొండు కొట్టెయ్యి. నది ఒడ్డున దగ్గర దగ్గరగా ఉన్న మూడు చాలు: రాజభవనం, వాట్ ఫో, అవతలి గట్టున వాట్ అరుణ్.

మేము మొదటిసారి వెళ్ళినప్పుడు మీ బావ చేతిలోనూ ఇలాంటి కాగితమే ఉండేది. రాజభవనం ఆవరణలో మరకత బుద్ధుడి గుడి చుట్టూ పొడుగాటి వసారా, దాని గోడ నిండా బొమ్మలు. నేను ఆగితే ఆయన "పద, టైమ్ లేదు" అన్నారు. పది నిమిషాల్లో దాటేశాం. మధ్యాహ్నానికి నా మడమలు బొబ్బలెక్కాయి, ఆయనకి ఆకలి, ఇద్దరికీ కోపం. రాత్రి దాకా మాటల్లేవు. ఫోటోల్లో మాత్రం నవ్వుతూనే ఉన్నాం. ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళి, ఆ గోడ దగ్గరే రెండు గంటలు గడిపాం.

ఆ గోడ మీద ఉన్నది రామాయణం. వాళ్ళు రామకియెన్ అంటారు. మొత్తం 178 ఘట్టాలు. ఉత్తర ద్వారం దగ్గర జనకుడికి సీత దొరకడంతో మొదలవుతుంది. అక్కణ్ణుంచి ప్రదక్షిణగా నడవండి, కథ మీతోపాటే నడుస్తుంది. చక్రి వంశపు మొదటి రాజు 1782లో ఈ నగరాన్ని రాజధాని చేసుకున్నాక వేయించిన బొమ్మలివి. తేమకి పాడైనప్పుడల్లా మళ్ళీ వేస్తూ వచ్చారు. మన కథే అయినా మనకి తెలిసినట్టు ఉండదు. రావణుడు అక్కడ తోత్సకన్, అంటే దశకంఠుడే. సీత అతని సొంత కూతురు, వంశనాశనానికి పుట్టిందని నీళ్ళలో వదిలేస్తారు. హనుమంతుడు తెల్లగా ఉంటాడు, బ్రహ్మచారి కాడు. వారధికి వేసిన రాళ్ళని రావణుడి ఇంకో కూతురు, ఒక మత్స్యకన్య, చేపలు ఎత్తుకుపోయేలా చేస్తుంది. హనుమంతుడు ఆమెనే ప్రేమిస్తాడు. మరదలికి వాళ్ళ నాయనమ్మ రామాయణమంతా చెప్పిందటగా, తనని కథ చెప్పనీ, నువ్వు బొమ్మలు వెతుకు. ఎక్కడ తేడా వచ్చిందో ఇద్దరూ పట్టుకోండి.

పొద్దున ఎనిమిదిన్నరకి గేటు తీస్తారు, అప్పటికే అక్కడుండండి. తర్వాత ఎండా జనమూ రెండూ భరించలేం. భుజాలూ మోకాళ్ళూ కప్పే నూలు బట్టలు వేసుకోండి, లేకపోతే లోపలికి పోనివ్వరు. గేటు బయట ఎవరైనా మర్యాదగా "ఈ రోజు భవనం మూసేశారు, వేరే గుళ్ళు చూపిస్తా" అంటే నమ్మకు. ఆటో చివరికి రత్నాల కొట్టు ముందు ఆగుతుంది. మాకు సగం పూట అలాగే పోయింది.

వాట్ ఫో నడిచి వెళ్ళేంత దూరమే. 46 మీటర్ల శయన బుద్ధుడి ముఖం చూసి వెనక్కి తిరిగెయ్యకండి, పాదాల దాకా నడవండి. అరికాళ్ళలో ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభ చిహ్నాలు ఉంటాయి. గోడ వారగా వరసగా 108 కంచు పాత్రలు. చిల్లర తీసుకుని ఒక్కో నాణెం వేసుకుంటూ వెళ్ళండి, ఆ చప్పుడు హాలంతా వినిపిస్తుంది.

మరదలు మాంసం ముట్టదు కాబట్టి ఇది గుర్తుంచుకో: కూరగాయల వంటలో కూడా చేపల సాస్ పోస్తారు. "జే" అని అడగండి, పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న కొట్లు వెతకండి. తిన్నాక గదికి వెళ్ళి రెండు గంటలు పడుకోండి. టైమ్ దండగ అనుకోకు.

ఎండ తగ్గాక తా తియెన్ రేవులో పడవెక్కితే అవతలే వాట్ అరుణ్. పేరు మన అరుణుడిదే. దూరానికి తెల్లరాయిలా కనిపించే గోపురం నిండా చైనా పింగాణీ ముక్కలతో చేసిన పువ్వులే. మెట్లు నిట్టనిలువు, దిగేటప్పుడు మరదలి చెయ్యి పట్టుకో. పొద్దు వాలకముందే ఇవతలి గట్టుకి వచ్చెయ్యండి. గోపురం వెనక సూర్యుడు దిగడం ఇక్కణ్ణుంచే చూడాలి.

ఇంకో పని. ఆ మత్స్యకన్య బొమ్మ కోసం మీ బావా నేనూ ఎంతో వెతికాం, గోడ మీద మాకు కనిపించలేదు. మీకు కనిపిస్తే ఎన్నో ఘట్టమో రాసుకుని నాకు చెప్పు.

మీ అక్క