కడలి పంట, చెరువు పంట

కెనడా దేశమునకు తూర్పున న్యూఫౌండ్‌లాండ్ అను ద్వీపము కలదు. 1497లో జాన్ కాబట్ అను నావికుడు ఇంగ్లండునుండి బయలుదేరి అచ్చటి సముద్రమును చేరెను. ఆ నీటిలో కాడ్ అను చేపలు మిక్కుటముగా నుండెననియు, వలలతో పనిలేక బుట్టలతోనే ముంచి తీయవచ్చుననియు అతని తోడివారు చెప్పుకొనిరట. ఆ ద్వీపమున స్థిరపడిన జనులకు తరతరములుగా కాడ్ చేపయే కూడును గూడును అయ్యెను.

వారు చిన్న పడవలలో పోయి, గాలములతోను వలలతోను చేపలు పట్టుచుండిరి. పట్టినదానికంటె పుట్టినది ఎక్కువగా నుండుటచే కొరత కలుగలేదు. 1950 తరువాత పలుదేశముల పెద్ద ఓడలు వచ్చినవి. అవి సముద్రపు అడుగును ఊడ్చు వలలు వేసి, దొరికిన చేపలను ఓడలోనే గడ్డకట్టించి నిలువచేయగలవు. 1968లో సుమారు 8 లక్షల టన్నుల కాడ్ పట్టుబడెను. అది పంట పెరుగుట కాదు. విత్తనమును వండుకొని తినుట. 1992 జూలైలో ప్రభుత్వము కాడ్ వేటను నిషేధింపవలసి వచ్చెను. సుమారు 30,000 మంది పని కోల్పోయిరి. రెండేండ్లలో చేపలు మరల పెరుగునని తలచిరి. కాని 32 ఏండ్లు గడచి, 2024 వచ్చునంతవరకు ఆ నిషేధము తొలగలేదు.

ఇది ఒక్క ద్వీపపు కథ కాదు. 1950లో ప్రపంచమంతటను పట్టిన చేపలు సుమారు 2 కోట్ల టన్నులు. 1980 తరువాతి దశాబ్దమున ఆ లెక్క 9 కోట్ల టన్నుల సమీపమునకు వచ్చి, అచ్చటనే నిలిచిపోయెను. ఓడలు పెరిగినను చేపలు పెరుగలేదు. తినువారు మాత్రము పెరుగుచునే యుండిరి. ఆ లోటును తీర్చినది చేపల పెంపకము. 2022లో వేటవలన 9 కోట్ల 10 లక్షల టన్నుల జలజీవులు లభింపగా, పెంపకమువలన 9 కోట్ల 40 లక్షల టన్నులు లభించినవి. పెంపకము వేటను మించుట అదియే మొదటిసారి.

మన దేశమున ఈ మార్పునకు దారి చూపినవారు హీరాలాల్ చౌధురి. బొచ్చె, శీలావతి, మోసు చేపలు వానకాలమున పారు నదులలో గ్రుడ్లు పెట్టునే కాని, నిలిచిన చెరువునీటిలో పెట్టవు. అందుచే రైతులు నదులలో దొరకు పిల్లలకై ఎదురుచూడవలసి వచ్చెడిది. 1957లో చౌధురి ఒడిశాలో, ఒక చేప యొక్క పీయూషగ్రంథి రసమును మరియొక చేపకు సూదిద్వారా ఎక్కించి గ్రుడ్లు పెట్టించిరి. క్రమముగా చేపపిల్లలు రైతు చేతికందినవి. కృష్ణా గోదావరుల నడుమనున్న కొల్లేటి ప్రాంతమున వేలకొలది చెరువులు వెలసినవి.

అయితే పెంపకమునకును హద్దు కలదు. చెరువుగట్లు కొల్లేటి సరస్సునే ఆక్రమించుచుండగా, 2006లో ప్రభుత్వము పెక్కు గట్లను తొలగించెను. మరియు రొయ్యలకును, కొన్ని జాతుల పెంపుడు చేపలకును మేతగా కడలి చేపల పొడినే వాడుదురు. కనుక చెరువు పంటయు కొంతవరకు కడలిపైననే ఆధారపడియున్నది.

ఎంత ఆకలి బాధించినను రైతు విత్తనపు గింజలను ముట్టడు. కడలికిని ఆ నియమమే వర్తించును. దానిని మరచిన ఫలమును న్యూఫౌండ్‌లాండ్ జాలరులు ఒక తరమంతయు అనుభవించిరి.