పోటీ పరీక్షల ప్రత్యేకం: కంపెనీ వెనుక అసలు యజమాని

విజయవాడ గుణదలలో ఒక కంపెనీ ఉందనుకోండి. దాని వాటాలు బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లోని మరో కంపెనీ పేరున ఉన్నాయి. ఆ తెర వెనుక మనిషెవరు? 2013 కంపెనీల చట్టం 90వ సెక్షన్ అడిగేది ఇదే. పరోక్షంగా గానీ, దానికి ప్రత్యక్ష వాటా కలిపి గానీ 10 శాతానికి తగ్గకుండా వాటా ఉన్న వ్యక్తి ‘సిగ్నిఫికెంట్ బెనిఫిషియల్ ఓనర్’. అతను కంపెనీకి బెన్-1 ఫారంలో ప్రకటన ఇవ్వాలి. అది అందిన 30 రోజుల్లో కంపెనీ బెన్-2 ఫారంను కంపెనీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రార్ ఆఫీసు విజయవాడలోనే ఉంది. చట్టంలో 25 శాతం, 2018 నిబంధనల్లో 10 శాతం అని ఉంటుంది; వర్తించేది 10 శాతమే. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు ఇంతకన్నా ఇష్టమైన మెలిక ఉండదు!

ఇలాంటి విదేశీ కంపెనీల అసలు యజమానుల గుట్టు విప్పిన పనామా పత్రాలు 2016 ఏప్రిల్‌లో, పాండోరా పత్రాలు 2021 అక్టోబరులో వచ్చాయి. రెండూ అంతర్జాతీయ పరిశోధక జర్నలిస్టుల కూటమి (ఐసీఐజే) బయటపెట్టినవే. విదేశంలో కంపెనీ ఉండటం నేరం కాదు, దాచడమే చిక్కు. 2015 నల్లధన చట్టం ప్రకారం వెల్లడించని విదేశీ ఆస్తిపై 30 శాతం పన్ను, ఆ పన్నుకు మూడు రెట్లు జరిమానా.