నౌకాదళంలో స్త్రీలు – వారి యూనిఫాం కథ

యూనిఫాం అంటే ఏమిటో హాస్టల్ వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. గుడ్డ ఎప్పుడొస్తుందా, దర్జీ ఎప్పుడిస్తాడా అని ఎదురు చూసిన వాళ్లమే అందరం. ఒకసారి తొడిగితే ఎవరు ఏ పేట నుంచి వచ్చారో ఆ గుడ్డ చెప్పదు. నౌకాదళం యూనిఫాం అలా కాదు. చదవడం తెలిస్తే అన్నీ చెబుతుంది. భుజం మీద రెండు బంగారు పట్టీలుంటే లెఫ్టినెంట్. ఆ రెండింటి మధ్య ఒక సన్న పట్టీ చేరితే లెఫ్టినెంట్ కమాండర్. పర్చూరు పత్తి చేలు దాటి చీరాల మీదుగా వెళితే వాడరేవులో మనకూ సముద్రం ఉంది, కనుక ఇది మనకు పరాయి సంగతి కాదు.

ఆ దుస్తుల్లో స్త్రీలు కనబడటం కొత్త కాదు. బ్రిటన్‌లో 1917లోనే మహిళా నౌకా విభాగం పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశంలోనూ అలాంటి విభాగం ఏర్పడింది. అందులో సెకండ్ ఆఫీసర్ అయిన కల్యాణీ సేన్ 1945లో బ్రిటన్ వెళ్లి అక్కడి శిక్షణ పద్ధతులు చూసివచ్చారు. ఆనాటి ఫొటోల్లో ఆమె చీరలోనే ఉన్నారు. మాకు ఆ ఫొటో చాలా నచ్చింది. యుద్ధం అయ్యాక ఆ విభాగాన్నే తీసేశారు.

మళ్లీ 1992లో గానీ వైద్యం కాక ఇతర శాఖల్లోకి స్త్రీలను తీసుకోలేదు. విద్య, లాజిస్టిక్స్, న్యాయ శాఖలతో మొదలు. యూనిఫాం ఇచ్చారు, పట్టీలు ఇచ్చారు. కానీ ఎక్కువలో ఎక్కువ 14 ఏళ్ల సర్వీసు. పింఛనుకు 20 ఏళ్లు కావాలి. అంటే వయసులో ఉన్నప్పుడు సేవ చేసి, ఆ తెల్ల దుస్తులు మడిచి పెట్టెలో పెట్టి, ఉత్త చేతులతో ఇంటికి రావడమే.

దీని మీద కొందరు మహిళా అధికారులు కోర్టుకెక్కారు. కేసు లెఫ్టినెంట్ కమాండర్ ఆనీ నాగరాజ పేరుతో నడిచింది. రష్యా ఓడల్లో స్త్రీలకు బాత్‌రూములు లేవన్నది ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ఒకటి. (బాత్‌రూములు లేకపోతే కట్టాలి గదా! ఈ మాట హాస్టల్లో ఎవరిని అడిగినా చెబుతారు.) సుప్రీంకోర్టు ఆ వాదనలు ఒప్పుకోలేదు. 2020 మార్చి 17న స్త్రీలకూ శాశ్వత కమిషన్ ఇవ్వాలని తీర్పు చెప్పింది. అప్పటికే సర్వీసు ముగిసి, కేసు వల్ల నష్టపోయిన వారికి పింఛను కూడా ఇవ్వమంది. మాజీ అధికారులకు శాలువాలు కప్పడం కంటే ఇదే అసలైన గౌరవమని మేము అనుకుంటున్నాం.

ఆ తీర్పు రాకముందే ఆరుగురు మహిళా అధికారులు 56 అడుగుల తెరచాప పడవ 'తారిణి' మీద భూమిని చుట్టి వచ్చారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి 2018 మే 21న తిరిగి చేరారు. నాయకురాలు వర్తికా జోషి. మనవాళ్లు ఇద్దరున్నారు. విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాదు నుంచి బొడ్డపాటి ఐశ్వర్య.

ఇటీవల దుస్తులూ మారుతున్నాయి. 2023లో అడ్మిరళ్ల భుజపట్టీలు శివాజీ రాజముద్ర స్ఫూర్తితో కొత్తవయ్యాయి. 2024లో మెస్‌లో కుర్తా వేసుకోవడానికి అనుమతి వచ్చింది.

అగ్నివీర్ పథకం కింద 2022లో మొదటిసారిగా స్త్రీలను నావికులుగా తీసుకున్నారు. ఒడిషాలోని ఐఎన్ఎస్ చిల్కాలో శిక్షణ పొంది 2023 మార్చిలో సుమారు 270 మంది బయటకు వచ్చారు. మన హాస్టల్ చెల్లెళ్లు ఎవరైనా దరఖాస్తు పెట్టదలిస్తే షరతులు ముందే చదువుకోవాలి. పథకం ప్రకటించినప్పటి నిబంధనల ప్రకారం నాలుగేళ్ల తర్వాత నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. మిగిలిన వారికి ఒకేసారి కొంత సొమ్ము ఇస్తారు, పింఛను ఉండదు.