చిన్న రీలు – పెద్ద లాగుడు

సంచికకు ఏదైనా ఒక సైన్సు వ్యాసం ఇవ్వండి మాస్టారూ అని సంఘం కార్యదర్శి మూడోసారి వచ్చి అడిగేసరికి ఇక తప్పించుకునే దారి లేకపోయింది. అణుశక్తి గురించో అంతరిక్షం గురించో రాస్తానని అతను ఆశించి ఉంటాడు. నేను మాత్రం గాలపు కర్రకు బిగించే చిన్న రీలు గురించి రాయదలచుకున్నాను. అరచేతిలో ఇమిడే ఈ వస్తువులో మన మొదటి సంవత్సరం ఫిజిక్సు సగం ఉంది. అదీగాక, నా చేతులారా ఒక మంచి రీలును పాడుచేశాను. అది ఎందుకు పాడైందో లెక్క కట్టుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఆ రీలు మా అన్నయ్య 2017లో మస్కట్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చినది. స్పూలు కదలకుండా నిలబడి ఉంటుంది, దాని చుట్టూ ఒక తీగ కొక్కెం తిరుగుతూ దారాన్ని చుడుతుంది. ఈ రకం రీలుకు 1905లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న ఇల్లింగ్‌వర్త్ అనే ఆయన జౌళి వ్యాపారి. మిల్లులో కండె కొస నుంచి నూలు సులువుగా జారిపోవడం చూసిన కన్ను కాబట్టే గాలపు దారానికీ అదే ఉపాయం తట్టింది కాబోలు.

దారం చుట్టడం ఒక్కటే రీలు పని కాదు. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా స్పూలు జారుతూ దారాన్ని వదలాలి. ఆ జారుడును అదుపులో పెట్టే ఘర్షణ వాషర్ల దొంతరను డ్రాగ్ అంటారు. మోటారుబండి క్లచ్చుకు వేలువిడిచిన మేనమామ అనుకోండి. పైనున్న మర బిగించిన కొద్దీ వాషర్లు నొక్కుకుంటాయి, లాగుడు పెరుగుతుంది. మా రీలు పెట్టె మీద గరిష్ఠ డ్రాగ్ 6 కిలోలు అని అచ్చు వేసి ఉంది. నేను ఆ అంకెను చూసి మురిసిపోయినవాణ్ణే.

2019 డిసెంబరులో ఒక సాయంత్రం భీమిలిలో, గోస్తనీ సముద్రంలో కలిసే చోట, గాలం వేసి కూర్చున్నాను. 5 కిలోల నైలాన్ దారం. డ్రాగ్ స్ప్రింగు త్రాసుతో కొలిచి 2 కిలోలకు పెట్టాను, అంటే సగం కూడా కాదు. పండుగప్ప పట్టింది. 30 మీటర్ల దూరంలో పడిన గాలాన్ని తీసుకుని మరో 50 మీటర్లు పరిగెత్తింది, ఒక్క క్షణం ఆగింది, మళ్లీ కదిలింది. అంతే, టప్‌మని తెగింది. గాలం దాని నోట్లోనే ఉండిపోయింది. పక్కన వల సర్దుకుంటున్న ముసలాయన తల కూడా ఎత్తకుండా, "అంత బిగించేస్తే సేప ఎటెల్తాది బాబూ, దారం తెంపుకునే ఎల్తాది" అన్నాడు. బిగించలేదు తాతా, రెండు కిలోలే అందామనుకున్నాను. అనలేకపోయాను.

రెండు కిలోలకు పెట్టిన డ్రాగ్ అయిదు కిలోల దారాన్ని ఎలా తెంపింది? పాఠం ఇక్కడే ఉంది, కాస్త నింపాదిగా చదవండి. (కిలో అంటే ఇక్కడ కిలోగ్రామ్ భారం. న్యూటన్లు కావలసినవారు 9.8తో హెచ్చవేసుకోవచ్చు.)

మొదట దారం సంగతి. అయిదు కిలోలన్నది ముడి లేని దారం మాట. గాలానికి ముడి వేశాక దాన్ని దూలానికి కట్టి, కింద బకెట్టు వేలాడదీసి, లీటరు చొప్పున నీళ్లు పోస్తూ వచ్చాను. లీటరు నీళ్లు ఒక కిలో, ఇంతకంటే నమ్మకమైన తూకపురాయి ఇంట్లో దొరకదు. బకెట్టు బరువుతో కలిపి నాలుగు కిలోల దగ్గర ముడి తెగింది. కాబట్టి నా చేతిలో ఉన్నది నాలుగు కిలోల దారమే.

ఇక డ్రాగ్. వాషర్లు ఇచ్చేది బలం కాదు, బలభ్రామకం. దాన్ని స్పూలు మీది దారం చుట్ట వ్యాసార్థంతో భాగిస్తే లాగుడు వస్తుంది. నిండు స్పూలు వ్యాసార్థం 22 మిల్లీమీటర్లు. 80 మీటర్ల దారం పోయాక వెర్నియరు పెట్టి చూస్తే 19. భ్రామకం మారలేదు, వ్యాసార్థం తగ్గింది. కనుక 2 కిలోలు కాస్తా 2.32 అయింది. మర నేను ముట్టుకోకుండానే!

దారం రీలు నుంచి తిన్నగా చేప దగ్గరికి పోదు. వంగిన కర్ర మీది రింగులను ఒరుసుకుంటూ పోతుంది. బావి గిలక తిరక్కుండా పట్టేస్తే చేద ఎంత బరువెక్కుతుందో పల్లెటూరివాళ్లకు చెప్పనక్కరలేదు. మొత్తం 90 డిగ్రీలు వంపు, ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే ఘాతీయ సూత్రం ప్రకారం లాగుడు 1.37 రెట్లవుతుంది. 2.32ను దానితో హెచ్చిస్తే 3.17. ఇప్పటికీ దారం బతికే ఉంది.

దాన్ని తెంపింది ఆ ఒక్క క్షణం ఆగడం. స్థైతిక ఘర్షణ గతిక ఘర్షణ కంటే ఎక్కువని పరీక్షల్లో అందరూ రాస్తారు, నేనూ రాశాను, ఇరవై ఏళ్లుగా పాఠమూ చెబుతున్నాను. మా రీల్లోవి ఫెల్టు వాషర్లు. ఏళ్ల తరబడి ఉప్పుగాలికి గ్రీజు ఎండి జిగురెక్కాయి. తరువాత పరీక్షిస్తే, జారుతున్నప్పుడు 2 కిలోలు చూపే డ్రాగ్, ఆగి మళ్లీ కదిలేటప్పుడు 2.6 చూపింది, అంటే 1.3 రెట్లు. 3.17ను 1.3తో హెచ్చించండి, 4.12 వస్తుంది. ముడి తట్టుకునేది నాలుగు.

ఈ లెక్క ఆనాడే కట్టి ఉంటే బాగుండేది. కట్టలేదు. ఉక్రోషంతో రీలును 'బలపరచడానికి' పూనుకున్నాను. ఫెల్టు తీసి కార్బన్ పీచు వాషర్లు వేశాను. పెద్ద గేరు ఇరుసు కింద ఉన్న ప్లాస్టిక్ బుష్ తీసేసి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం సరిగ్గా కొలిచి తెచ్చిన ఉక్కు బేరింగు కూర్చాను. నైలాన్ బదులు 10 కిలోల అల్లిక దారం చుట్టాను. వర్క్‌షాపు మేస్త్రీగారిని బతిమాలి 50 మిల్లీమీటర్ల పిడి స్థానంలో 75 మిల్లీమీటర్ల అల్యూమినియం పిడి చేయించాను. "ఇదేంటి మాస్టారూ, చేప కోసమా, లారీ కోసమా?" అన్నారాయన.

తరువాతి ఆదివారం గాలం రాళ్లలో ఇరుక్కుంది. డ్రాగ్ పూర్తిగా బిగించి, పొడుగు పిడి పట్టుకుని బలం కొద్దీ తిప్పాను. దారం తెగలేదు. లోపల మాత్రం కరకరమంది. విప్పి చూస్తే పెద్ద గేరుకు మూడు పళ్లు లేవు.

జరిగింది ఇది. 50 మిల్లీమీటర్ల పిడి మీద చేత్తో మూడు కిలోలు నొక్కితే భ్రామకం 150. గేరు నిష్పత్తి 5.2 కాబట్టి చుట్టే కొక్కెం దగ్గరికి వచ్చేసరికి అది 29కి దిగుతుంది. 22తో భాగిస్తే దారం మీద వచ్చే లాగుడు ఒక కిలో మూడు వందల గ్రాములు, అదీ లోపలి ఘర్షణ సున్నా అనుకుంటే. రీలు బరువులు లాగే యంత్రం కాదన్నమాట. లాగవలసింది కర్ర. కర్ర ఎత్తి, దించుతూ ఆ వదులును చుట్టుకోవాలి. పిడి పొడుగు చేస్తే ఆ అదనపు భారమంతా గేరు పళ్లు మోయాలి. ఆ గేరు జింకు మిశ్రమలోహపు పోత. పైగా ప్లాస్టిక్ శరీరం ఒత్తిడికి వంగుతుంది, అప్పుడు పళ్లు ఒకదానిలో ఒకటి నిండుగా దిగక కొసలతోనే మోస్తాయి. నేను మార్చిన బేరింగు ఇరుసును నిలబెట్టింది గాని శరీరాన్ని నిలబెట్టలేదు కదా. అంతకుముందు రీల్లో అన్నిటికంటే బలహీనమైనది దారపు ముడి. తెగితే పది రూపాయల నష్టం. ఆ బలహీనతను నేను తీసుకెళ్లి గేరులో పెట్టాను.

నా మార్పుల్లో పనికొచ్చింది కార్బన్ వాషరు ఒక్కటే, అది కూడా గరిష్ఠ లాగుడు పెంచినందుకు కాదు. పలచగా డ్రాగ్ గ్రీజు రాసి పరీక్షిస్తే, జారేటప్పుడు 2 కిలోలు, కదిలేటప్పుడు 2.1. పాత లెక్కలో 1.3 బదులు 1.05 వేసి చూడండి, 3.33. అదే దారం, అదే ముడి, అదే రెండు కిలోలు, ఆ పండుగప్ప నాకు దక్కేది.

పరీక్ష చేయదలచిన మిత్రులు పాత పేపర్లవాళ్ల దగ్గరుండే స్ప్రింగు త్రాసు ఒకటి సంపాదించండి. గాలం, సీసం గుండు తీసేయండి. దారం తెగినప్పుడు ఎగిరి వచ్చే గుండు కంటికి తగిలితే ఆసుపత్రే గతి. దారాన్ని చేతికి చుట్టుకోవద్దు, చర్మాన్ని కోస్తుంది. ఒకరు కర్ర వంచి పట్టుకోవాలి, రెండోవారు త్రాసుతో మెల్లగా వెనక్కి నడవాలి. కదిలే క్షణంలో ఒక అంకె, నడుస్తుండగా ఒక అంకె రాసుకోండి. నిండు స్పూలుతోనూ, 80 మీటర్లు వదిలాకా చేయండి. వాషర్లు తడిపి ఒకసారి, వరసగా పదిసార్లు లాగి వేడెక్కాక ఒకసారి. పిడి వెనక్కి జారుతోందేమో కూడా గమనించండి. వెనక్కి తిరగనీయని రోలరు క్లచ్చులోకి గ్రీజు పోతే అది పట్టు వదిలేస్తుంది. దారం ఒరుసుకునే చిన్న రోలరు తిరుగుతోందో లేదో చూడటం చాలామంది మరిచిపోతారు. అది పట్టేసిందంటే దారాన్ని రంపంలా అరగదీస్తుంది.

రాళ్లలో ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలని మేస్త్రీగారు అడిగారు. కర్రను దారం వెంట తిన్నగా చాచి, దారాన్ని ఒక పుల్లకు చుట్టి, వెనక్కి నడవడమే. పిడి ముట్టుకోకూడదు.

విడి గేరు ఎక్కడా దొరకలేదు. చివరికి ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక కుర్రాడి వద్ద అదే నమూనా రీలు కనిపించింది. ఉప్పుకు శరీరం తినేసినా గేరు మాత్రం నిక్షేపంగా ఉంది. మూడు వందలకు ఇచ్చాడు. పాత పిడి, 5 కిలోల నైలాన్ మళ్లీ ఎక్కించాను. ఇప్పుడు డ్రాగ్ ఒకటింపావు కిలో, అంటే దారంలో నాలుగోవంతు. అదెక్కడికి వస్తుందో గుర్తుగా మర మీద మా ఆవిడ గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టాను. మొన్న సెలవుకు వచ్చిన అన్నయ్య రీలు చేతిలోకి తీసుకుని, "ఇంత వదులుగా ఉందేంట్రా" అంటూ మర ఒక చుట్టు బిగించబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపి, ఈ లెక్క అంతా మొదటినుంచి చెప్పవలసి వచ్చింది.